మాయ మిగిలింది, మర్మమే మరుగైంది

జానపదం, పౌరాణికం, సోషియో ఫాంటసీల్లో తెలుగు సినిమాకు పెద్ద చరిత్రే ఉంది. ఆ అద్భుతాలు ఎలా పుట్టాయో చెప్పే అదనపు విశేషాలను ప్రేక్షకుడి ఇంటికి చేర్చడంలో మాత్రం పరిశ్రమ వెనకబడింది

ఫీనిక్స్ బే జెట్టీ నుంచి పొద్దున్నే స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్‌లకు ప్రభుత్వ పడవలు బయల్దేరతాయి. టికెట్ల వరసలో బెంగాలీ, హిందీ, తమిళంతో పాటు తెలుగూ వినిపిస్తుంది. అందులోనూ ఎక్కువగా ఉత్తరాంధ్ర యాస. ఆశ్చర్యపడాల్సిందేమీ లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లోని 3.8 లక్షల మందిలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారింది కానీ ఈ పేటల్లో వినిపించే భాషలు మారలేదు.

టీవీలో వచ్చేది పోను, ఇక్కడి తెలుగువాళ్లు ఇంట్లో చూసే సినిమా అంటే చాలాకాలం మెయిన్‌ల్యాండ్ నుంచి తెచ్చుకున్న డిస్కే. విశాఖ నుంచి మామూలుగా నెలకో ఓడ, రెండున్నర రోజుల ప్రయాణం. చెన్నై నుంచి దీవులకు సముద్రగర్భంలో వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యేదాకా ఇంటర్నెట్‌కు ఉపగ్రహమే దిక్కు. 2015లో బాహుబలి మొదటి భాగం వచ్చిన రోజుల్లో దాని మేకింగ్ వీడియోలను హైదరాబాద్ కుర్రకారు ఫోన్లలో చూస్తుంటే, అవే వీడియోలు ఇక్కడ కదలడానికి మొరాయించేవి. అంటే సినిమా వెనుక కథ ఈ దీవుల్లోని ఇంటికి చేరాలంటే డిస్కులోనే రావాలి. కానీ తెలుగు డిస్కులో అది ఉండేదే కాదు.

ముప్పై రూపాయల లెక్క

దీనికి నిర్మాతల నిర్లక్ష్యం ఒక్కటే కారణం కాదు, డిస్కు కొలతలు కూడా కారణమే. 2000 దశకంలో తెలుగు ఇళ్లను ఏలింది వీసీడీ. ఒక్కో వీసీడీలో పట్టేది 74 నుంచి 80 నిమిషాల బొమ్మ. రెండున్నర గంటల తెలుగు సినిమాకు రెండు డిస్కులు, నిడివి ఇంకాస్త పెరిగితే మూడు. పాటలు కత్తిరించకుండా ఇస్తే అదే గొప్ప అనుకునే చోట దర్శకుడి ముచ్చట్లకు జాగా ఎక్కడిది?

ఒక పొరలోనే 4.7 గిగాబైట్లు, రెండు పొరలైతే 8.5 గిగాబైట్లు పట్టే డీవీడీ వచ్చాక ఆ ఇబ్బంది తీరాలి. కానీ అప్పటికే ధర కిందికి దిగింది. మోసర్ బేర్ కంపెనీ హోమ్ వీడియోలోకి వచ్చి వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మింది. పైరసీని దెబ్బకొట్టడానికి ఎత్తుగడ మంచిదే. అయితే ఆ ధరకు అదనపు విశేషాలు తీయించే స్తోమత ఎవరికీ ఉండదు. మిగిలిన జాగాలో మరో సినిమాను కుక్కి ‘రెండు సినిమాలు ఒకే డిస్కులో’ అని అమ్మడమే లాభసాటి అయింది. ఆన్‌లైన్ వీడియో ముంచెత్తాక ఆ మార్కెట్టూ కుప్పకూలింది. 2018లో మోసర్ బేర్ దివాలా ప్రక్రియలో లిక్విడేషన్‌కు వెళ్లింది. ఒక దశ ముగిసింది కానీ తెలుగు సినిమా అందులో తన పనితనాన్ని దాచుకోలేదు.

అనుబంధమే అసలు పాఠం

బోనస్ ఫీచర్ల చరిత్రలో తొలి మైలురాయి ఓ ఫాంటసీ చిత్రమే కావడం విశేషం. 1984లో అమెరికాకు చెందిన క్రైటీరియన్ సంస్థ 1933 నాటి కింగ్ కాంగ్‌ను లేజర్ డిస్కుగా విడుదల చేస్తూ, సినిమా నడుస్తుండగా రొనాల్డ్ హేవర్ వివరించే కామెంటరీని మరో ఆడియో ట్రాక్‌లో పెట్టింది. ఆ పద్ధతికి అదే నాంది. దాన్ని శిఖరానికి చేర్చింది లార్డ్ ఆఫ్ ద రింగ్స్. మొదటి భాగం విస్తృత ప్రతి 2002 నవంబర్‌లో నాలుగు డిస్కులుగా వచ్చింది. రెండింటిలో సినిమా, రెండింటిలో అనుబంధాలు. దర్శక రచయితలు, డిజైన్ బృందం, నిర్మాణ బృందం, నటులు వేర్వేరుగా చెప్పిన నాలుగు కామెంటరీలు అదనం.

ఆ అనుబంధాల బలం పద్ధతి చెప్పడంలో ఉంది. మామూలు ఎత్తున్న నటుడు పక్కవాడి నడుము దాకా వచ్చే మరుగుజ్జుగా ఎలా కనిపించాడు? ఒకర్ని కెమెరాకు దగ్గరగా, ఒకర్ని దూరంగా కూర్చోబెట్టడం పాత చిట్కానే. కెమెరా కదిలితే ఆ భ్రమ చెదిరిపోతుంది. అందుకే కెమెరాతో పాటు సెట్‌లోని భాగాన్ని, నటుణ్నీ కదిలించే ఏర్పాటు చేశారు. ఆ తంతును కళ్లకు కట్టినట్లు చూపించారు. ప్లాస్టిక్ గొట్టాలను సన్నటి రింగులుగా కోసి, ఒక్కొక్కటీ చేత్తో కలిపి కవచాలు అల్లినవాళ్లకూ అందులో మాట్లాడే చోటు దక్కింది. లోపాలు లేకపోలేదు. ఒకరినొకరు పొగుడుకునే మాటలు విసుగు పుట్టిస్తాయి. అన్నీ చూడాలంటే రోజులు పడుతుంది. అయినా సినిమా పని నేర్చుకోవాలనుకునే కుర్రాడికి అది ఫీజు లేని బడి.

ఇప్పుడు ఇంటికొద్దాం. 1957 మార్చి 27న విడుదలైన మాయాబజార్‌లో మార్కస్ బార్‌ట్లీ ఛాయాగ్రహణం వెన్నెలను భ్రమింపజేసిందని తెలుగువాళ్లు తరతరాలుగా చెప్పుకొంటారు. లడ్డూలు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరే దృశ్యాన్ని చూసి నవ్వని పిల్లలుండరు. గోఖలే, కళాధర్ కళాదర్శకత్వంలో వాహినీ స్టూడియోలో ద్వారకా నగరం నమూనాను సుమారు 300 బుల్లి ఇళ్లతో కట్టారని సినీ చరిత్రకారులు చెబుతారు. న్యూజిలాండ్‌లో మినాస్ తిరిత్ కోటను 1:72 నిష్పత్తిలో కట్టడానికి నాలుగు దశాబ్దాల ముందే మద్రాసులో జరిగిన పని అది. విడ్డూరమేమిటంటే, ఆసక్తి ఉన్న తెలుగు ప్రేక్షకుడు ఆ కోటను ఎలా కట్టారో దశలవారీగా చూడగలడు. ద్వారక గురించి మాత్రం చెప్పుకోవడం వినాల్సిందే.

చెప్పగలిగినవాళ్లూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు. దర్శకుడు కె.వి. రెడ్డి 1972లో, బార్‌ట్లీ 1993లో కన్నుమూశారు. గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగులద్దిన మాయాబజార్ 2010 జనవరి 30న థియేటర్లకు వచ్చినప్పుడు చర్చంతా రంగుల చుట్టూనే తిరిగింది. నలుపు తెలుపుల్లో వెన్నెలను పుట్టించిన మనిషి లెక్కలేమిటో చెప్పడానికి అంతకంటే మంచి సందర్భం ఉండదు. ఆ సందర్భం చేజారింది.

కబుర్లు ఎక్కువ, పనితనం తక్కువ

పరిశ్రమ బొత్తిగా ప్రయత్నించలేదనలేం. జగదేకవీరుడు అతిలోకసుందరికి 30 ఏళ్లు నిండిన 2020 మే నెలలో వైజయంతీ మూవీస్ నాని గొంతుతో తెరవెనుక కథలను వీడియోలుగా విడుదల చేసింది. కథ ఎలా పుట్టింది, ఇళయరాజా బాణీలు ఎలా కుదిరాయి, 1990 మే 9న కోస్తాను తుపాను ముంచెత్తిన రోజే సినిమా ఎలా విడుదలైంది... వినడానికి ముచ్చటగా ఉంటాయి. ముఖ్యంగా తుపాను ముచ్చట. జనం ఇళ్లు దాటలేని రోజున థియేటర్లకు చేరిన సినిమా చరిత్ర సృష్టించడం ఏ కథకూ తీసిపోదు. కానీ ఇవన్నీ కబుర్లు. దేవకన్య భూమ్మీదికి దిగే దృశ్యాలను కంప్యూటర్ల ఊతం లేని రోజుల్లో ఛాయాగ్రాహకుడు ఎ. విన్సెంట్ ఎలా పట్టుకున్నారన్న ప్రశ్నకు జవాబు వెతికేవారికి వాటితో ఆకలి తీరదు. ఆయన 2015లో మరణించారు. 2025 మే 9న ఆ సినిమా త్రీడీలోకి మారి మళ్లీ విడుదలైంది. పాత బొమ్మను కొత్తగా మెరిపించారు. పాత పనిని వివరించే అవకాశం మరోసారి ప్రచారపు హడావుడిలో కొట్టుకుపోయింది.

ఇటీవలి చిత్రాల పరిస్థితి కొంత నయం. మగధీర (2009)కు విజువల్ ఎఫెక్ట్స్ చేసిన ఆర్.సి. కమల్‌కణ్ణన్‌కు, ఈగ (2012)కు పనిచేసిన మకుట సంస్థకు జాతీయ అవార్డులు దక్కాయి. కచ్చితంగా ఫాంటసీ అనలేం కానీ ఆర్ఆర్ఆర్ తెరవెనుక కథ ‘ఆర్ఆర్ఆర్: బిహైండ్ అండ్ బియాండ్’ పేరుతో 2024 డిసెంబర్‌లో ఏకంగా థియేటర్లకు, ఆ వెంటనే నెట్‌ఫ్లిక్స్‌కు వచ్చింది. ఒకప్పుడు డిస్కు మూలన ఉండాల్సిన సరుకు టికెట్ కొని చూసే సినిమా కావడం చిన్న విషయం కాదు. అయితే అంతర్జాతీయ ఖ్యాతి వచ్చిన సినిమాకే ఆ గౌరవం.

మిగతావన్నీ చెల్లాచెదురు. రెండు బాహుబలి చిత్రాలను కలిపి, కుదించి 2025 అక్టోబర్ 31న ‘బాహుబలి: ది ఎపిక్’గా విడుదల చేశారు. ఏ పాటలు, ఏ సన్నివేశాలు ఎందుకు తీసేశారో రాజమౌళి ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఎడిటింగ్ నేర్చుకునేవారికి అది బంగారం లాంటి పాఠం. డిస్కుల కాలం పద్ధతిలో అయితే ఆ మాటలు సినిమా పక్కనే కామెంటరీగా ఉండేవి. ఇప్పుడు ప్రచారపు వీడియోల గుట్టలో వెతుక్కోవాలి. చాలా స్ట్రీమింగ్ వేదికల్లో సినిమా ఉంటుంది, అనుబంధం ఉండదు. కొన్న డిస్కు అల్మారాలో ఉండిపోతుంది. వేదిక హక్కులు ముగిస్తే సినిమాయే కనిపించకుండా పోతుంది.

ఖర్చు సాకు కూడా ఇప్పుడు చెల్లదు. ఓ కామెంటరీ ట్రాక్‌కు కావాల్సింది ఒక గది, ఒక మైకు, సినిమా నిడివి అంత సమయం. గిగాబైట్ల కొరత లేదు, డిస్కు అచ్చువేయించే పని లేదు. మాయాబజార్‌కు సహాయ దర్శకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు పుట్టింది 1931లో. అలాంటి సాక్షుల చేత సినిమా మొదటి రీలు నుంచి చివరి రీలు దాకా మాట్లాడించి, ఆ మాటను సినిమాతోనే భద్రపరచడం హక్కులున్న సంస్థలకు తలకుమించిన భారమేమీ కాదు. అది నటుల జ్ఞాపకాలతో సరిపెట్టుకోకుండా, నమూనా ఇళ్లు కట్టిన వడ్రంగినీ, దీపాలు అమర్చిన మనిషినీ పేరుపెట్టి గుర్తుచేసుకునేలా ఉండాలి. కాలయాపన చేస్తే మిగిలేది వర్ధంతి సభల్లో చెప్పుకునే ముచ్చట్లే.

ఫీనిక్స్ బేలోని ఓ తెలుగు ఇంట్లో ఇవాళ మాయాబజార్ చూడాలంటే ఓడ కోసం ఎదురుచూడక్కర్లేదు. బొమ్మ నిమిషంలో వస్తుంది. లడ్డూలు ఎగురుతాయి, పిల్లలు నవ్వుతారు. ‘అదెలా చేశారు?’ అని అడిగిన పిల్లకు జవాబు మాత్రం ఆ తెరమీద దొరకదు. సముద్రం అడుగున కేబుల్ వచ్చి ఏళ్లు గడిచాయి. అందులో రావాల్సిన ఈ సరుకే ఇంకా రేవు దాటలేదు.