కేజీల్లో తూచే బోల్టు, ఒక్కటే ఉన్నా బహువచనమైన ప్లయర్స్

మా బెజవాడ ఆటోనగర్‌లో బోల్టులు కేజీల లెక్కన అమ్ముతారు. కొనేవాళ్లూ లెక్కపెట్టరు, అమ్మేవాళ్లూ లెక్కపెట్టరు. కాటా ఎంత చూపిస్తే అంత.

నా దగ్గర ఇంగ్లీషు చెప్పించుకునే తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకసారి ‘బోల్ట్’ అన్న మాటను అన్‌కౌంటబుల్ నౌన్ల వరసలో రాశాడు. వాళ్ల నాన్న లేత్ పనిచేస్తారు. ఎందుకు రాశావురా అంటే, “మాస్టారూ, తూకానికే ఇస్తారు కదండీ” అన్నాడు. జవాబు తప్పు. కానీ మనం చెప్పిన నిర్వచనాన్ని నమ్మి, కళ్లతో చూసిన దానికి అన్వయించాడు. తప్పు మా నిర్వచనంలోనే ఉందని నాకు ఆరోజు అర్థమైంది.

అపోహ: లెక్కపెట్టగలిగే వస్తువు కౌంటబుల్, లెక్కపెట్టలేనిది అన్‌కౌంటబుల్.

వాస్తవం: లెక్క వస్తువుది కాదు, మాటది. బోల్టును కాటాలో వేసినా ఇంగ్లీషులో ‘వన్ బోల్ట్, టూ బోల్ట్స్’ అనే అంటారు. ఫర్నిచర్ కొట్లో కుర్చీలూ బల్లలూ వేలితో చూపించి లెక్కపెట్టుకోవచ్చు, అయినా ‘ఫర్నిచర్స్’ అనే మాట లేదు. లగేజ్, ఎక్విప్‌మెంట్, మెషినరీ కూడా అంతే. షెడ్డులో పది మెషిన్లుంటే ‘టెన్ మెషీన్స్’ సరే, ‘టెన్ మెషినరీస్’ చెల్లదు.

ఇదేదో ఇంగ్లీషువాళ్ల మొండితనం అనుకోనక్కర్లేదు. మన పాలు చూడండి. గిన్నెలో ఉన్నది ఒకటే పదార్థం, అయినా “పాలు పొంగాయి” అంటాం, “పొంగింది” అనం. నీళ్లు, వడ్లు కూడా ఇంతే. మన వ్యాకరణం వీటికి నిత్య బహువచనాలని పేరు పెట్టింది. ఇంగ్లీషులోనేమో మిల్క్ ఏకవచనం, ‘ది మిల్క్ ఈజ్ హాట్’. అదే కత్తెర దగ్గరికొస్తే వరస తిరగబడుతుంది. మనకు కత్తెర ఒకటి, పటకారు ఒకటి. వాళ్లకు సిజర్స్, ప్లయర్స్ ఎప్పుడూ బహువచనాలే. చేతిలో ఉన్నది ఒకటే అయినా ‘దీజ్ ప్లయర్స్ ఆర్ ఓల్డ్’ అనాలి. ఒకటని చెప్పి తీరాలంటే ‘ఎ పెయిర్ ఆఫ్ ప్లయర్స్’. మన షెడ్లలో “కటింగ్ ప్లయర్ ఇవ్వు” అంటాం. తెలుగు మాటల్లో అది చక్కగా ఒదిగిపోయింది, దాన్ని మార్చుకోమని ఎవరికీ చెప్పను. పరీక్షలో మాత్రం చివరి ‘ఎస్’ మరవకూడదు.

ఒకే మాట రెండు వైపులా ఉండటమూ ఉంది. ఇనుము అన్న అర్థంలో ఐరన్ అన్‌కౌంటబుల్, ఇస్త్రీపెట్టె అయితే ‘ఎన్ ఐరన్’. టీ అన్‌కౌంటబులే, కానీ హోటల్లో ‘టూ టీస్, ప్లీజ్’ అనడం తప్పు కాదు.

అపోహ: మాట చూడగానే అది నౌనో కాదో చెప్పేయొచ్చు. చివర ‘ఇంగ్’ ఉంటే అది క్రియే.

వాస్తవం: ఆటోనగర్ బోర్డులే దీనికి సమాధానం. వెల్డింగ్, పెయింటింగ్, బాడీ బిల్డింగ్ అన్నవి అక్కడ పనుల పేర్లు, అంటే నౌన్లు. ‘హీ ఈజ్ వెల్డింగ్ ది గేట్’ అన్నప్పుడు అదే వెల్డింగ్ క్రియలో భాగం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ ‘వర్క్స్’. ఇంజనీరింగ్ వర్క్స్ అని బోర్డు మీద ఉంటే అది పని జరిగే చోటు. ‘హీ వర్క్స్ హియర్’లో క్రియ. పని అన్న అర్థంలో మాత్రం వర్క్ అన్‌కౌంటబుల్. మనకు పనులుంటాయి కాబట్టి ‘ఐ హావ్ మెనీ వర్క్స్’ అనేస్తాం. ‘ఎ లాట్ ఆఫ్ వర్క్’ అనాలి. ఉద్యోగం ఇంటర్వ్యూల్లో మన పిల్లల నోట ఈ వాక్యం విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ఇది ఐదు నిమిషాల్లో సరిదిద్దగలిగేది.

అపోహ: ప్రాపర్ నౌన్ అంటే లోకంలో ఒక్కదానికే ఉండే పేరు. అది ఎప్పటికీ మారదు.

వాస్తవం: లారీ ట్యాంకులో పోసే డీజిల్ ఒక మనిషి పేరు. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు తయారుచేసిన ఇంజను 1897లో ఆగ్స్‌బర్గ్‌లో విజయవంతంగా నడిచింది. ఆ ఇంటిపేరు ఇప్పుడు బంకులో లీటర్ల లెక్కన దొరుకుతోంది. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్తే వోల్టు ఇటలీ వోల్టాది, ఆంపియర్ ఫ్రాన్సు ఆంపియర్‌ది, వాట్ బ్రిటన్ జేమ్స్ వాట్‌ది. ఈ కొలతల పేర్లను పూర్తిగా రాసినప్పుడు ఇంగ్లీషులో చిన్న అక్షరంతోనే మొదలుపెడతారు, అవి కామన్ నౌన్లయిపోయాయి కాబట్టి. మన దగ్గర మట్టి తవ్వే బండి ఏ కంపెనీదైనా జేసీబీయే. అది జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అనే ఆయన పేరులోని పొడి అక్షరాలని చెప్తే పిల్లలు నోరు తెరిచి వింటారు.

ఇక ఆటోనగర్ సంగతి. మనది జవహర్ ఆటోనగర్. బెజవాడలో ఉత్త ‘ఆటోనగర్’ అంటే ఇదొక్కటే, కచ్చితంగా ప్రాపర్ నౌన్. కానీ గుంటూరులో ఆటోనగర్ ఉంది, విశాఖలో గాజువాక వైపు ఉంది, హైదరాబాదులోనూ ఉంది. “మా ఊరికీ ఒక ఆటోనగర్ కావాలి” అని ఎవరైనా అంటే, ఆ వాక్యంలో అది కామన్ నౌన్.

అపోహ: ఒక నౌను ఒక్క రకానికే చెందుతుంది.

వాస్తవం: లారీ కామన్, కాంక్రీట్, కౌంటబుల్, మూడూ ఒకేసారి. అబ్‌స్ట్రాక్ట్ అయితే లెక్కకు రాదన్నదీ నిజం కాదు. మిస్టేక్, ప్రామిస్ చేతికి దొరకవు, అయినా ఎన్నో లెక్కపెట్టి చెప్పొచ్చు.

బోల్టు సంగతి తేలాక మావాడు ఊరుకోలేదు. “మరి స్క్రాప్ అండీ?” అన్నాడు. ఇద్దరం కూర్చుని నిఘంటువు తీశాం. పాత ఇనుము కుప్పగా పోసి ఉంటే స్క్రాప్ అన్‌కౌంటబుల్. అతను లెక్కలు వేసి చింపి పారేసిన కాగితం ముక్క మాత్రం ‘ఎ స్క్రాప్ ఆఫ్ పేపర్’, రెండు ముక్కలుంటే ‘టూ స్క్రాప్స్’.