వార్తల్లో పదం: గ్లాస్గో కోమా స్కేల్

2023 జనవరి 27న కుప్పంలో తెదేపా నేత నారా లోకేశ్ ‘యువగళం’ పాదయాత్ర తొలిరోజే నటుడు నందమూరి తారకరత్న కుప్పకూలారు. గుండెపోటు తర్వాత కోమాలోకి వెళ్లిన ఆయన ఫిబ్రవరి 18న బెంగళూరు ఆసుపత్రిలో కన్నుమూశారు. ఇలాంటి సందర్భాల్లో, మెదడు దెబ్బతిన్నవారిలో స్పృహ ఏ మేరకు ఉందో వైద్యులు అంకెల్లో చెప్పే కొలమానమే గ్లాస్గో కోమా స్కేల్.

స్కాట్లండ్‌లోని గ్లాస్గోకు చెందిన న్యూరోసర్జన్లు గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెనెట్ 1974లో దీన్ని ప్రకటించారు. ఇందులో చూసేవి మూడు: కళ్లు తెరవడం (గరిష్ఠంగా 4 మార్కులు), మాట (5), కదలిక (6). పిలిస్తే కళ్లు తెరిస్తే 3, నొప్పికి తెరిస్తే 2. ఏ స్పందనా లేకున్నా ఒక్కోదానికి 1 వేస్తారు. అందుకే కనిష్ఠం 3, గరిష్ఠం 15. తలకు గాయమైనప్పుడు 13-15 స్వల్పం, 9-12 మధ్యస్థం, 8 లేదా అంతకంటే తక్కువైతే తీవ్రం.

గొంతులో శ్వాసగొట్టం ఉంటే మాటను పరీక్షించలేరు. మద్యం, మత్తుమందులు కూడా స్కోరును తగ్గిస్తాయి. కాబట్టి ఒకసారి వేసిన మార్కులకన్నా, అవి పెరుగుతున్నాయా, పడిపోతున్నాయా అన్నదే వైద్యులకు కీలకం.