సిసిలీ అంజీర్ బిస్కెట్లు: షుగర్ ఉన్నవారికి ఒక మాట

ఇటలీలోని సిసిలీ దీవిలో క్రిస్మస్‌కు ఇళ్లలో చేసే బిస్కెట్లను కుచ్చిదాతి అంటారు. పైన మైదా పొర, లోపల అంజీర్ పూర్ణం. 827లో అరబ్బులు ఆ దీవికి వచ్చారు. చెరకు, పుల్లనారింజ సాగు వారి కాలంలోనే అక్కడ వేళ్లూనింది.

అసలు పద్ధతిలో పిండికి పందికొవ్వు, పూర్ణానికి మర్సాలా అనే ద్రాక్షసారా వాడతారు. మనం వెన్న, కమలారసం వాడుకుంటే సరి. డబ్బాలో కొంటే మాత్రం పదార్థాల జాబితా తప్పక చదవండి.

పూర్ణానికి: ఎండు అంజీర్ 250 గ్రాములు, కిస్మిస్ 75, బాదం 50, అక్రోటు 50, కమలాతొక్క తురుము, దాల్చినచెక్క పొడి, చిటికెడు లవంగాల పొడి. వీటిని నాలుగు చెంచాల కమలారసంతో ముద్దగా దంచాలి.

పిండికి: మైదా 250 గ్రాములు, వెన్న 100, చక్కెర 60, గుడ్డు ఒకటి, అర చెంచా బేకింగ్ పౌడర్, తడికి కొంచెం పాలు. కలిపి అరగంట నాననివ్వాలి. ఒత్తి, పూర్ణం పెట్టి చుట్టి, ముక్కలు కోసి, 180 డిగ్రీల వేడిలో 20 నిమిషాలు కాల్చాలి.

అంజీర్ ములయ్యిన్, అంటే మలబద్ధకాన్ని సడలించేది. అందుకే "మందే కదా హకీం సాబ్" అంటూ రోజూ గుప్పెడు తిన్న షుగర్ రోగులను నేను చూశాను. ఎండు అంజీర్ బరువులో దాదాపు సగం చక్కెరే! షుగర్ అదుపులో ఉన్నవారు ఒక్క బిస్కెట్ తిని, ఆ పూట అన్నం తగ్గించుకోవాలి. అదుపులో లేనివారు మానుకోవాలి. వాడుతున్న మందులు మాత్రం ఎవరూ ఆపకూడదు.