మూగవోయిన హారను

కనుమదారి మలుపున ఎదురుబండి కానరాదు. అచట హారనే మనకు రక్ష. అది మూగవోయినచో, క్రొత్తది కొనుటకు ముందు విద్యుత్తు నడచు త్రోవను వరుసగా పరికింతము.

హారనులోని విద్యుదయస్కాంతము పలుచని ఉక్కురేకును లాగును. లాగినంతనే ప్రవాహము తెగి రేకు వెనుకకు పోవును. సెకనుకు వందలసార్లు ఇట్లు జరుగుటచే ధ్వని పుట్టును.

మొదట ఫ్యూజును చూతము. కాలియున్నచో అన్ని ఆంపియర్లదే వేయవలెను. లావుతీగ చుట్టినచో బండికే నిప్పంటుకొనవచ్చును. పిమ్మట ఒకరు మీట నొక్కుచుండగా, 12 వోల్టుల దీపపు ఒక కొనను హారనుకు వచ్చు తీగకును, రెండవ కొనను బండి ఇనుమునకును తగిలింతము. వెలుగకున్నచో దోషము మీటలోనో, రిలేలోనో, తీగలోనో కలదు. వెలిగినచో హారను చట్రమునకు కలియుచోటి త్రుప్పును గీకవలెను. అప్పటికిని మ్రోగనిచో హారనే చెడినది.

స్టీరింగు చక్రమున గాలిసంచి గల కార్లలో మీటను మాత్రము మనము విప్పరాదు. అది నేర్చిన మెకానిక్కు పని.