విమానం ఉంది, గురువూ ఉన్నాడు... మరి ఎగిరేదెప్పుడు?

మీ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు ఓ రోజు రాలేదనుకోండి. ఆ గంటకి లెక్కల మాస్టారు వచ్చి తన పాఠం చెప్పేస్తారు. బయట వాన కురుస్తున్నా క్లాసు ఆగదు. విమానం నడపడం నేర్పే ఫ్లయింగ్ స్కూల్లో ఇలా కుదరదు. ఒక్క గంట పాఠం జరగాలంటే విద్యార్థి, శిక్షకుడు, విమానం ముగ్గురూ (విమానాన్నీ ఓ మనిషిగానే లెక్కేద్దాం) ఒకే వేళకి సిద్ధంగా ఉండాలి. పైగా ఆకాశం కూడా ఒప్పుకోవాలి!

మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు కనీసం 200 గంటలు ఎగిరి ఉండాలి. అందులో 100 గంటలు విమానం బాధ్యత అంతా తానే వహిస్తూ నడపాలి. ఆగకుండా లెక్కేస్తే 200 గంటలంటే తొమ్మిది రోజులు కూడా కాదు. మరి నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఎందుకు పడుతుంది? జవాబు చాలావరకు ఆ స్కూలు గోడకి వేలాడే షెడ్యూలు బోర్డు మీదే ఉంటుంది.

ఇద్దరైతే సులువు, ముగ్గురైతే చిక్కు

ముందు గణితం సంగతి చూద్దాం. పదిమంది విద్యార్థులకు పది విమానాలు పంచాలి. ఎన్ని రకాలుగా పంచవచ్చు? ఇంటర్ చదివేవారు వెంటనే చెబుతారు: 10 ఫాక్టోరియల్, అంటే 36,28,800. ఇవన్నీ రాసి చూడనక్కర్లేదు. ఇలాంటి జతలు కుదర్చడానికి 1955లో హెరాల్డ్ కూన్ అనే అమెరికన్ గణితవేత్త చక్కని పద్ధతి చెప్పాడు. హంగరీకి చెందిన కోనిగ్, ఎగర్వారీల కృషి దానికి పునాది కనుక 'హంగేరియన్ పద్ధతి' అని పేరు పెట్టాడు. వెయ్యి మంది ఉన్నా కంప్యూటర్ చిటికెలో తేల్చేస్తుంది.

ఇప్పుడు మూడో పక్షాన్ని, అంటే శిక్షకుణ్ణి తెచ్చి కలపండి. ఈ విద్యార్థికి ఆ శిక్షకుడే కావాలి, ఆయనకి ఫలానా రకం విమానం మీదే అర్హత ఉంది. ఎవరూ మిగిలిపోకుండా అందరినీ ముగ్గురేసి జట్లుగా కుదర్చగలమా? 1972లో రిచర్డ్ కార్ప్ ప్రకటించిన 21 కఠిన సమస్యల జాబితాలో ఇదొకటి! సంఖ్య పెద్దదైనప్పుడు దీన్ని ప్రతిసారీ త్వరగా, కచ్చితంగా తేల్చే పద్ధతి ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. అసలు అలాంటిది ఉండదని కూడా ఎవరూ నిరూపించలేదు. రెండు మూడైతే చాలు, సమస్య జాతే మారిపోయిందన్నమాట. మన పెళ్లిళ్ల పేరయ్యలు అదృష్టవంతులు, వాళ్లకి రెండు పక్షాలే!

అయిదారు విమానాలున్న స్కూలుకు ఇంత భయం అక్కర్లేదు లెండి. అక్కడ అసలు తలనొప్పి వేరు. పొద్దున రాసిన షెడ్యూలు మధ్యాహ్నానికి చెల్లకుండా పోవడం.

విమానానికీ సెలవుంది

శిక్షణ విమానాలకు ఎగిరిన గంటల లెక్కన తనిఖీలు చేయాలి. ప్రతి 100 గంటలకూ చేసే తనిఖీ వీటిలో ముఖ్యమైనది. ఒక స్కూల్లో అయిదు విమానాలు, రోజుకి తలా 4 గంటలు ఎగురుతున్నాయనుకుందాం. తనిఖీకి 4 రోజులు పడుతుంది, మెకానిక్కుల బృందం ఒక్కటే ఉంది. అయిదూ సమానంగా తిరిగితే ఏమవుతుంది? 25వ రోజుకి అన్నీ ఒకేసారి షెడ్డు ముందు వరుస కడతాయి. చివరిది బయటపడేసరికి 20 రోజులు!

అందుకే తెలివైన స్కూళ్లు విమానాలను కావాలనే అసమానంగా తిప్పుతాయి. తనిఖీకి ఒకదానికి 20 గంటలు, మరోదానికి 40, ఆపైన 60, 80, 100 మిగిలేలా చూస్తాయి. వీటిని గ్రాఫు కాగితం మీద గుర్తిస్తే మెట్లలా ఏటవాలు గీత వస్తుంది. గీతకి దిగువకి జారిన విమానానికి కొన్నాళ్లు పని తగ్గించి, ఎగువనున్న దానికి పెంచుతారు. అప్పుడు దాదాపు అయిదు రోజులకొక విమానమే షెడ్డులోకి వెళుతుంది, మిగతా నాలుగూ ఎగురుతూనే ఉంటాయి. పైసా ఖర్చులేని ఉపాయం!

మరో మెలిక ఉంది. లైసెన్సుకు కావలసినవాటిలో కనీసం 300 నాటికల్ మైళ్ల (సుమారు 555 కి.మీ.) ప్రయాణం ఒకటి. 100 నాట్ల వేగంతో అది 3 గంటల పని. తనిఖీకి 2 గంటలే మిగిలిన విమానం ఖాళీగా కనబడుతున్నా దీనికి పనికిరాదు.

అందరికీ ఉదయమే కావాలి

గంటలన్నీ ఒకటి కావు. బేగంపేట విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 11.5 డిగ్రీల సెల్సియస్. అంతకు మించిన ప్రతి డిగ్రీ, విమానం దృష్టిలో సుమారు 120 అడుగుల ఎత్తుతో సమానం. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలుంటే? 28.5 × 120 = 3,420. రెండూ కలిపితే 5,160 అడుగులు! పలచబడిన గాలిలో రెక్కలకి పట్టు చాలదు, ఇంజను శక్తి తగ్గుతుంది, పరుగు పొడవవుతుంది. ఎండకి లేచే గాలులు కుదుపులు పెడతాయి. అందుకే కొత్తవారికి ఉదయపు వేళే మంచిది. అయితే ఉత్తరాదిన శీతకాలంలో ఆ ఉదయాలనే పొగమంచు మింగేస్తుంది.

శిక్షకుడూ యంత్రం కాదు. అమెరికాలో 24 గంటల్లో 8 గంటలకి మించి విమానంలో పాఠం చెప్పకూడదని నిబంధన. ఎగిరేముందు వివరించడం, దిగాక తప్పులు చెప్పడం కలుపుకుంటే ఒక గంట పాఠం ఆయనకి దాదాపు రెండు గంటల పని.

ఇప్పుడీ చిన్న లెక్క వేయండి. విమానం సిద్ధంగా ఉండే సంభావ్యత 0.9, శిక్షకుడిది 0.9, వాతావరణానిది 0.8, విద్యార్థిది 0.95 అనుకుందాం. నాలుగూ గుణిస్తే సుమారు 0.62. విడివిడిగా అన్నీ బాగున్నట్టే ఉన్నాయి, కానీ అయిదు పాఠాల్లో మూడే జరుగుతాయి! (నాలుగూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతేనే ఈ గుణకారం చెల్లుతుంది సుమా.) 200 పాఠాలు పూర్తికావాలంటే బోర్డు మీద సుమారు 325 సార్లు పేరు రాయాలి.

పాఠం తప్పితే పోయేది ఆ రోజొక్కటే కాదు. పది రోజుల విరామం తర్వాత ల్యాండింగులో చేయి తడబడుతుంది, పాత పాఠం మళ్లీ చెప్పించుకోవాలి. ఆ గంట ఖర్చు విద్యార్థిదే. షెడ్యూలు మరీ కిక్కిరిసి ఉంటే ఇంకో ప్రమాదం: 'ఇవాళ కాకపోతే మళ్లీ వారం దాకా దొరకదు' అనుకుని మబ్బు పట్టినా బయల్దేరాలనిపిస్తుంది. అందుకే జాగ్రత్త తెలిసినవారు రోజూ బోర్డు మీద ఒకటి రెండు గడులు ఖాళీగా ఉంచి, రద్దయిన పాఠాలను అందులోకి మారుస్తారు.

మీలో ఎవరైనా ఫ్లయింగ్ స్కూల్లో చేరబోతుంటే, ఎన్ని విమానాలున్నాయని అడిగి ఊరుకోకండి. వాటిలో నిన్న ఎన్ని ఎగిరాయో, ఒక్కో శిక్షకుడికి ఎంతమంది విద్యార్థులున్నారో, పోయిన నెల ఎన్ని పాఠాలు ఎందుకు రద్దయ్యాయో కూడా అడగండి. వీలైతే ఆ బోర్డు ఓసారి చూపించమనండి.