నీళ్లు పడుకునే చోటు

సింగపూర్‌లోని బెడోక్‌లో మా అమ్మాయి ఇంటికి వచ్చినప్పుడల్లా పొద్దున్నే చెరువు గట్టు మీద నడక నాకు అలవాటు. చుట్టూ తిరిగొస్తే 4 కిలోమీటర్ల పైమాటే. ఒకప్పుడు ఇక్కడ ఇళ్ల కోసం ఇసుక తవ్వేవారు. ఆ గోతులనే 1986 నాటికి మంచినీళ్ల చెరువు చేశారు. చుట్టుపక్కల వీధుల్లో పడిన వాన కాలువల్లోంచి ఇక్కడికి చేరుతుంది.

మొన్న మనవరాలు స్పెల్లింగ్ కాయితం పట్టుకొచ్చింది. "తాతయ్యా, రిజర్వాయర్‌లో చివర ఓ, ఐ, ఆర్ రాసి 'వార్' అనమంటారేంటి?"

మంచి ప్రశ్న తల్లీ. దాని మూలం లాటిన్‌లో ఉంది. అక్కడ 'సెర్వారే' అంటే కాపాడటం, కనిపెట్టుకుని ఉండటం. మన తెలుగు 'కనిపెట్టుకోవడం'లోనూ చూడటం, కాపాడటం రెండూ ఉన్నాయి చూశావా! సైన్స్ క్లాసులో మీ టీచరు 'అబ్జర్వ్' చేయమనేది ఆ 'సెర్వారే'తోనే. అమ్మమ్మ ఆవకాయ జాడీలో చేసేది 'ప్రిజర్వ్'. ముందు 'రె' చేరిస్తే తర్వాతికి తీసి ఉంచడం. నేను రైల్లో బెర్తు రిజర్వేషన్ చేయించుకునేది కూడా అదే.

ఫ్రెంచివాళ్లు ఈ 'రిజర్వ్' మాటకు 'వార్' అనే తోక తగిలించారు. పని జరిగే చోటుకు వాళ్లు వాడే తోక అది. లాటిన్‌లోని '-ఓరియం' నోళ్లలో నలిగి నలిగి అలా తయారైంది. 'డార్మిటోరియం' అంటే పడుకునే చోటు. ఫ్రెంచివాళ్లు దాన్ని 'డోర్త్వార్' చేశారు. ఇంగ్లీషువాళ్లు దాన్ని లాటిన్ నుంచే నేరుగా తెచ్చుకుని 'డార్మిటరీ' అన్నారు. మనవాళ్లు కొందరు ఇక్కడికి పనికొచ్చి ఉండే డార్మ్ అదేనమ్మా. 'రిజర్వ్' 14వ శతాబ్దానికే ఇంగ్లీషులో కలిసిపోయింది. 'రిజర్వాయర్' మాత్రం 17వ శతాబ్దంలో ఫ్రెంచి నుంచి వచ్చింది. వస్తూ వస్తూ తన రాతను, పలుకును తెచ్చుకుంది. నిన్ను తికమక పెట్టింది అదే.

"మరి తెలుగులో?"

జలాశయం. సంస్కృతంలో 'శీ' అంటే పడుకోవడం. శయనం అంటాం కదా, అందులోదే. ఆశయం అంటే పడుకునే చోటు. ఎక్కడి రోము, ఎక్కడి సంస్కృతం! ఇద్దరూ చోటునే పట్టుకున్నారు. ఇది నాకెప్పుడూ అబ్బురమే.

మనవరాలు పెన్సిల్ ఆపి కిటికీలోంచి చెరువు వైపు చూసింది. "అయితే తాతయ్యా, అది నీళ్ల డార్మిటరీ!"