కొండ కింద చలిగుండె

రోమ్ నుంచి అడ్రియాటిక్ సముద్రం వైపు వెళ్లే హైవే ఒకచోట గ్రాన్ సాసో కొండ కడుపులోకి దూరిపోతుంది. పది కిలోమీటర్ల సొరంగం. లారీలు, కార్లు హోరెత్తుతూ పోతుంటాయి. దారి మధ్యలో పక్కకు తిరిగితే రాతిని తొలిచి కట్టిన పెద్ద పెద్ద హాళ్లు. నెత్తిమీద 1400 మీటర్ల మందాన కొండ. అక్కడే, ఆ చీకటి అడుగున, 2017 నుంచి ఒక యంత్రం చెవి రిక్కించుకుని కూర్చుంది. దాని పేరు క్వోరె. ఇటాలియన్‌లో ఆ మాటకు గుండె అని అర్థం.

ఇంత లోతు ఎందుకంటే, ఆకాశం నుంచి మన మీద ఎప్పుడూ ఒక కణాల జల్లు పడుతూనే ఉంటుంది. ఇది చదువుతున్న మీ అరచేతిలోంచి కూడా సెకనుకు ఒకటి చొప్పున మ్యూయాన్లనే కణాలు దూసుకుపోతున్నాయి. కొండ వాటిని వడకడుతుంది. పది లక్షల్లో ఒకటి మాత్రమే కిందికి చేరుతుంది. మన కోలారు బంగారు గనిలోనూ ఇదే చాటు వెతుక్కుని 1965లో శాస్త్రవేత్తలు న్యూట్రినోలనే కణాల జాడ పట్టారు.

క్వోరె గుండెలో 988 స్ఫటికాలున్నాయి. ఒక్కొక్కటీ ఐదు సెంటీమీటర్ల ఘనం, ముప్పావు కిలో బరువు. గోపురాల్లా పేర్చి వేలాడదీశారు. చైనాలో పెంచిన ఈ టెల్లూరియం స్ఫటికాలను విమానం ఎక్కించలేదు. పైకి వెళ్లేకొద్దీ ఆ జల్లు ఎక్కువ కదా! ఓడలో తెచ్చారు.

టెల్లూరియంలో ఒక రకం పరమాణువు ఎప్పుడో ఒకప్పుడు రెండు ఎలక్ట్రాన్లను ఒకేసారి కక్కుతుంది. వాటి వెంట రెండు యాంటీన్యూట్రినోలు, అంటే న్యూట్రినోల ప్రతికణాలు, కూడా వస్తాయి. ఇది అరుదైనదే అయినా ఇప్పటికే చూసిందే. ఆ రెండూ లేకుండా ఎలక్ట్రాన్లు మాత్రమే వస్తాయా అని వినడానికే క్వోరె కూర్చుంది. అలా వస్తే న్యూట్రినో తనకు తానే ప్రతికణం అవుతుంది. 1937లో ఈ ఊహకు దారి చూపిన ఎత్తోరె మయొరానా మరుసటి ఏడాది పలెర్మోలో ఓడ ఎక్కి మళ్లీ కనబడలేదు.

ఆ ఎలక్ట్రాన్లు స్ఫటికంలోనే ఆగిపోయి దాన్ని వెచ్చబరుస్తాయి. ఎంత? డిగ్రీని పదివేల ముక్కలు చేస్తే రెండు మూడు ముక్కలంత. మామూలు చలిలో ఇది తెలియదు. అందుకే ఒకదాంట్లో ఒకటి ఇమిడే గిన్నెల్లాగా ఆరు రాగి పాత్రలు పెట్టి, లోపలి పాత్రను సున్నా కెల్విన్‌కు డిగ్రీలో వందో వంతు దూరందాకా చల్లబరిచారు. నక్షత్రాల నడుమ ఖాళీ కూడా దీనికంటే వందల రెట్లు వెచ్చన. ప్రతి స్ఫటికానికీ పెసరగింజంత జెర్మేనియం ముక్క జిగురు చుక్కలతో అంటించి ఉంటుంది. స్ఫటికం ఉలిక్కిపడితే అదే చెబుతుంది.

నాకు అన్నిటికంటే ముద్దొచ్చేది సీసం సంగతి. వికిరణాన్ని ఆపడానికి సీసం కావాలి. కానీ కొత్త సీసంలోనే రేడియోధార్మికత ఉంటుంది. అందులోని సీసం-210 ప్రతి 22 ఏళ్లకు సగమవుతుంది. అంటే పాత సీసమే మేలు. రెండు వేల ఏళ్ల కిందట సార్డీనియా తీరంలో ఒక రోమన్ ఓడ సీసపు దిమ్మెలతో మునిగిపోయింది. దిమ్మెలు ఒక్కొక్కటీ 33 కిలోలు. నీళ్ల అడుగున అన్నేళ్లు పడుకుని అవి పూర్తిగా సద్దుమణిగాయి. వాటి మీద ఉన్న రోమన్ల ముద్రలను కోసి భద్రపరిచి, మిగతా లోహాన్ని కరిగించి క్వోరె చుట్టూ కవచం పోశారు. పురావస్తువును కరిగిస్తారా అని బాధపడ్డవాళ్లూ ఉన్నారు. వాళ్ల బాధలోనూ న్యాయముంది.

ఇంత చేసినా పూర్తి నిశ్శబ్దం దొరకదు. మనిషి ఒంట్లోని రేడియోధార్మిక పొటాషియమే సెకనుకు నాలుగు వేల చిటపటలు చేస్తుంది. చల్లబరిచే యంత్రాలే గుడగుడలాడతాయి. వాటి లయలను ఒకదానికొకటి ఎదురుపెట్టి అణచాల్సి వచ్చింది. చివరికి సముద్రం కూడా వచ్చింది. అలలు తీరాన్ని కొడితే నేల సన్నగా వణుకుతుంది. ఆ వణుకు కొండ దాటి, రాగి దాటి, చలి దాటి స్ఫటికాలను తాకుతోందని లెక్కల్లో తేలింది.

2022లో క్వోరె బృందం ఒక సంఖ్య ప్రకటించింది. న్యూట్రినోలు లేని ఆ విఘటన జరిగేదే అయితే, టెల్లూరియంలో సగం కరగడానికి కనీసం 2.2 ను 10 తో ఇరవై ఐదుసార్లు గుణించినన్ని ఏళ్లు పడుతుంది. విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లే. మరోలా చెప్పాలంటే, ఆ మొత్తం కుప్పలో ఏడాదికి ముప్పై చప్పుళ్లకు మించి రావు. ఇంతవరకు ఒక్కటీ వచ్చిన గుర్తు లేదు. అదే చలిపెట్టెలో తర్వాత క్యుపిడ్ అనే ప్రయోగానికి ఏర్పాట్లు సాగుతున్నాయి. ఈసారి టెల్లూరియం బదులు మాలిబ్డినం.